సూదిలో దారం ఎక్కించగలిగే చూపు: పింఛను పునఃపరిశీలనలో నా అనుభవం

పట్టపగలు కిటికీ పక్కన కూర్చుంటే సన్నని సూదిలో కూడా ఒక్క ప్రయత్నంలోనే దారం ఎక్కించగలను. అదే సమయంలో నా మోకాలి పక్కన పెట్టుకున్న కత్తెర నాకు కనిపించదు, చేత్తో తడిమి వెతుక్కోవాలి. గుమ్మం దగ్గర పడుకున్న కుక్కను తొక్కేదాకా అది అక్కడ ఉన్నట్టు తెలియదు. ఈ రెండూ ఒకే మనిషి విషయంలో ఒకేసారి నిజం కావచ్చునని కాగితాల మీద నిరూపించుకోవడానికి నాకు 2025లో దాదాపు పది నెలలు పట్టింది.

నా జబ్బు పేరు రెటినైటిస్ పిగ్మెంటోజా. కంటి లోపలి రెటీనా పొరలో మసక వెలుతురును, పక్కచూపును చూసుకునే కణాలు ముందుగా చనిపోతాయి కనుక ఇది సాధారణంగా చిన్న వయసులో రేచీకటిగా మొదలవుతుంది. ఆ తరువాత చూపు అంచుల నుంచి లోపలికి కుంచించుకుపోతూ వచ్చి, చివరకు వెదురు గొట్టంలోంచి చూసినట్టు మధ్యభాగం మాత్రమే మిగులుతుంది. ఆ మధ్యభాగం చాలామందిలో ఎన్నో ఏళ్ల పాటు బాగానే ఉంటుంది. మా అమ్మ తన సొంత మేనమామను చేసుకుంది, ఆ మేనరికం వల్లనే తల్లిదండ్రులిద్దరి దగ్గరా దాగి ఉన్న లోపం నాకూ మా తమ్ముడికీ కలిసి వచ్చిందని డాక్టర్లు చెప్పారు. 2009లో, నాకు పాతికేళ్ల వయసులో, హైదరాబాద్ బంజారాహిల్స్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో ఈ జబ్బును నిర్ధారించారు. 2011లో, వైకల్య శాతాన్ని నిర్ధారించే సదరం శిబిరంలో నాకు 75 శాతం వైకల్యం ఉన్నట్టు ధ్రువపత్రం ఇచ్చారు. అప్పటికి ఒక ప్రైవేటు పాఠశాలలో తెలుగు చెప్పేదాన్ని. వెనుక బెంచీల్లో ఎవరు చెయ్యెత్తారో కనిపించకపోవడం, సాయంత్రం బస్సు దిగాక ఇంటికి రాలేకపోవడం వల్ల ఆ ఉద్యోగం మానేసి, నరసరావుపేట దగ్గరి మా ఊళ్లోనే బట్టలు కుట్టడం మొదలుపెట్టాను.

2025 మొదట్లో మా ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పింఛన్లు తీసుకుంటున్నవారిని మళ్లీ వైద్య పరీక్షలకు పిలిచినప్పుడు నాకూ ఒక తేదీ వచ్చింది. 2024 జూలై నుంచి ఎన్టీఆర్ భరోసా కింద ఈ పింఛను నెలకు 3,000 నుంచి 6,000 రూపాయలు అయింది. మా అమ్మాయి ఇంటర్ ఖర్చు అందులోంచే గడుస్తున్నది. నేను పాత ధ్రువపత్రాన్నీ, దగ్గరి పట్టణంలోని ఒక కంటి క్లినిక్‌లో రాయించుకున్న ఉత్తరాన్నీ తీసుకుని వెళ్లాను. ఆ ఉత్తరంలో ఉన్నదల్లా నాకు ఫలానా జబ్బు ఉన్నదనీ, చూపు క్రమంగా తగ్గుతుందనీ చెప్పే రెండు వాక్యాలు.

ఆ ప్రభుత్వ ఆసుపత్రిలో ఆ రోజు వరస చాలా పెద్దది. నా వంతు వచ్చాక ఒక్కో కన్ను మూయించి గోడమీది అక్షరాలు చదివించారు. రెండు కళ్లతోనూ 6/12 గీత వరకు, అంటే మామూలు చూపున్నవారు పన్నెండు మీటర్ల నుంచి చదివేదాన్ని ఆరు మీటర్ల నుంచి, చదివాను. డాక్టరుగారు నా వేళ్ల మీది సూది గాట్లు చూసి, "ఏమ్మా, ఏం పని చేస్తావు?" అని అడిగారు. "బట్టలు కుడతానండీ" అన్నాను. ఆయన ఇంకేమీ అడగలేదు, నేనూ ఏమీ చెప్పలేదు. చుట్టూ ఎంత మేర కనిపిస్తుందో కొలిచే యంత్రం ఆ గదిలో లేదు, ఆ కొలత వేరే చోట చేయించుకుని తెచ్చుకోవాలన్న ఆలోచన నాకు లేదు. ఆగస్టులో గ్రామ సచివాలయం నుంచి నోటీసు వచ్చింది. నా వైకల్యం 40 శాతం కంటే తక్కువని తేలినందున పింఛనుకు అర్హత లేదని అందులో ఉంది. నోటీసు తెచ్చి ఇచ్చిన సంక్షేమ సహాయకుడు మా కళ్ల ముందు పెరిగిన పిల్లవాడు. "అక్కా, ఎంపీడీవో గారి ఆఫీసులో అప్పీలు పెట్టుకోవచ్చు. కొత్త ఆసుపత్రి కాగితాలు ఉంటే వాటిని కూడా జతచెయ్యి. ఉత్త అర్జీ అయితే లాభం ఉండదు" అన్నాడు. నాకు ఆ రోజు దొరికిన సలహాలన్నిటిలో అదే విలువైనది.

ఆ రాత్రి నేను కోపంతో ఒక పెద్ద అర్జీ రాసి, తెల్లవారాక చదువుకుని పక్కన పెట్టేశాను. అందులో నా కష్టాలు అన్నీ ఉన్నాయి గానీ ఒక్క కొలత కూడా లేదు. కోపాన్ని పక్కన పెట్టి, అసలు చట్టం దేన్ని కొలవమంటున్నదో తెలుసుకోవాలని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టాన్ని ఫోనులో తెరిచి, అక్షరాలు పెద్దవి చేసుకుంటూ రెండు రోజులు చదివాను. దాని షెడ్యూలులో అంధత్వానికీ అల్పదృష్టికీ ఇచ్చిన నిర్వచనాలు చదివినప్పుడు నా పొరపాటు ఎక్కడ జరిగిందో అర్థమైంది. దృష్టి లోపాన్ని చట్టం రెండు దారుల్లో గుర్తిస్తుంది. ఒకటి అద్దాలు పెట్టుకున్నాక కూడా మెరుగైన కంటితో ఎంత దూరం నుంచి అక్షరం చదవగలరు అన్నది. రెండవది చూపు ఎంత వెడల్పున పరచుకుని ఉన్నది అన్నది, దీన్నే దృష్టి క్షేత్రం అంటారు, డిగ్రీలలో కొలుస్తారు. దృష్టి క్షేత్రం 40 డిగ్రీల కంటే తగ్గి 10 డిగ్రీల వరకు ఉంటే అల్పదృష్టి, 10 డిగ్రీల కంటే తక్కువైతే అంధత్వం. ఈ రెండు దారుల మధ్య "లేదా" అనే మాట ఉంది. శాతాలు నిర్ణయించడానికి కేంద్రం గెజిట్‌లో ప్రకటించిన మార్గదర్శకాల పట్టికలో కూడా, మెరుగైన కంటి దృష్టి క్షేత్రం 20 డిగ్రీల కంటే తక్కువగా 10 డిగ్రీల వరకు ఉన్నవారికి 70 శాతం నుంచి లెక్క మొదలవుతుంది. అదే పట్టికలో రెండు కళ్లూ, 6/12 కంటే పెద్ద అక్షరాలుండే 6/18 గీత వరకు చదవగలిగితే వచ్చేది సున్నా. నన్ను పరీక్షించిన డాక్టరు తన ముందున్న ఒక్క కొలతను బట్టి రాశారు. రెండవ కొలత ఆయన ముందు లేదు.

అంటే నాకు కావలసిన సాక్ష్యం జబ్బు పేరు కాదు, మిగిలిన చూపు వెడల్పు. 2009లో తీసిన ఈఆర్‌జీ (వెలుగుకు రెటీనా ఎలా స్పందిస్తుందో చూసే పరీక్ష), రెటీనా మీద ఎముక ముక్కల ఆకారంలో పరచుకున్న నల్లని మచ్చల ఫొటోలు, రెటీనా పొరలను చూపే ఓసీటీ స్కాన్, ఇవన్నీ జబ్బు ఉన్నదని తిరుగులేకుండా చెబుతాయి. కానీ ఇదే జబ్బు ఉన్నవాళ్లలో ఒకరికి 60 డిగ్రీలు మిగలవచ్చు, మరొకరికి 5 డిగ్రీలే మిగలవచ్చు. ఎంత మిగిలిందో చెప్పేది పెరిమెట్రీ అనే ఫీల్డ్ టెస్ట్ ఒక్కటే.

ఆ పరీక్ష కోసం సెప్టెంబరులో మా అమ్మాయిని తోడు తీసుకుని విజయవాడ వెళ్లాను. దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మొదటిసారి నేను దాన్ని పాడుచేసుకున్నాను. చీకటి గదిలో తెల్లని గిన్నె లాంటి యంత్రం ముందు గడ్డం ఆనించి కూర్చోబెట్టి, ఒక కంటికి గంత కట్టి, చేతికి మీట ఇస్తారు. మధ్యలో ఉన్న చుక్కను మాత్రమే చూస్తూ, ఎక్కడైనా చిన్న వెలుగు మెరిసినట్టు అనిపిస్తే మీట నొక్కాలి. 30-2 అనే పద్ధతిలో చూపు కేంద్రం నుంచి అన్ని వైపులకూ 30 డిగ్రీల మేర 76 చోట్ల వెలుగులు వేసి చూస్తారు. నాకు ఏవో కొన్ని వెలుగులు వచ్చాయి, ఆ తరువాత చాలాసేపు ఏమీ రాలేదు. యంత్రం ఆగిపోయిందేమో అనుకున్నాను. లోపల నుంచి చిన్న చప్పుళ్లు మాత్రం వినిపిస్తూనే ఉన్నాయి. వెలుగులు పడుతున్నాయి గానీ నేనే చూడలేకపోతున్నానని అర్థమైన ఆ క్షణంలో భయం పుట్టి, చూపును అటూ ఇటూ తిప్పి వెలుగును వెతకడం మొదలుపెట్టాను. వీధిలో నడిచేటప్పుడు నేను బతికేది అలా కళ్లు తిప్పి వెతుక్కునే అలవాటుతోనే. ఆ పరీక్షలో మాత్రం అది దోషం. చూపు చుక్క మీద నిలవని సందర్భాలు 20 శాతం దాటితే యంత్రమే ఆ అంకె పక్కన గుర్తు పెడుతుంది, నా కాగితం మీద ఆ గుర్తు పడింది. అలాంటి కాగితాన్ని వైకల్యం నిర్ధారించే వైద్య బోర్డు ముందు పెడితే, కావాలనే మీట నొక్కలేదన్న అనుమానానికి చోటిచ్చినట్టే అవుతుందని డాక్టరుగారు చెప్పి, మరో రోజు ఉదయం, అలసట లేకుండా రమ్మన్నారు.

రెండోసారి టెక్నీషియన్ అమ్మాయి నాకు చాలా సాయం చేసింది. "అమ్మా, ఏమీ కనిపించకపోతే నొక్కకండి, అది తప్పు కాదు. మధ్యలో చుక్కను మాత్రం వదలొద్దు. అలసిపోతే మీట నొక్కి పట్టుకోండి, యంత్రం ఆగుతుంది" అని చెప్పింది. ఈసారి నేను వెలుగుల కోసం వెతకలేదు. చీకటిగా ఉన్నచోట చీకటిగానే ఉందని ఒప్పుకోవడం నాకు ఆ యంత్రం ముందు కూర్చున్నప్పుడే చేతనైంది. చూపు నిలకడ అంకెలు ఈసారి సరిగా వచ్చాయి. ఆ తరువాత కేంద్రం చుట్టూ 10 డిగ్రీలను మాత్రమే దగ్గరగా కొలిచే 10-2 పరీక్ష కూడా చేశారు. అచ్చైన కాగితంలో చుట్టూ నలుపు, మధ్యలో ఒక చిన్న తెల్లని మచ్చ ఉన్నాయి. మా అమ్మాయి దాన్ని చాలాసేపు పట్టుకుని చూసి, "నేను పక్క నుంచి వచ్చి గ్లాసు ఇస్తుంటే నువ్వు తీసుకోనిది ఇందుకా అమ్మా" అని అడిగింది. పదహారేళ్లుగా నేను మాటల్లో చెప్పలేకపోయినదాన్ని ఆ కాగితం చెప్పింది.

అయినా ఆ కాగితాన్ని అలాగే జతచేస్తే సరిపోదు. దాని మీద ఉండేవి ఒక్కో చోట ఎంత మసక వెలుగు కనిపించిందో చెప్పే డెసిబెల్ అంకెలు, మచ్చలు. వందల మందిని చూసే డాక్టరు వాటిలోంచి డిగ్రీలు వెలికితీసే తీరిక లేక పక్కన పెట్టవచ్చు. అందువల్ల చట్టం వాడిన కొలతలోనే రాసిన ఉత్తరం కావాలని వైద్యులను అడిగాను. జాలి కలిగించే మాటలు వద్దని కూడా చెప్పాను. వారు రాసినదాంట్లో అద్దాలతో రెండు కళ్ల చూపు 6/12 అని దాచకుండా ముందే ఉంది. ఆ వెంటనే, చూపు కేంద్రం చుట్టూ మిగిలిన దృష్టి క్షేత్రం రెండు కళ్లలోనూ 10 డిగ్రీల కంటే ఎక్కువ, 20 డిగ్రీల కంటే తక్కువ అని ఉంది. ఏ పరీక్ష, ఏ తేదీన, ఎంత నమ్మదగినదిగా వచ్చిందో రాశారు. పోయిన క్షేత్రాన్ని చికిత్సతో గానీ శస్త్రచికిత్సతో గానీ తిరిగి తేలేమనీ, ఈ స్థితి శాశ్వతమనీ ఒక వాక్యం చేర్చారు. ఆ చివరి వాక్యం లేకపోతే తాత్కాలిక ధ్రువపత్రం వచ్చే ప్రమాదం ఉంటుంది. అడుగున సంతకం, ముద్ర, వైద్యుని రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయి. మంచి అంకెను ముందే ఒప్పుకోవడం నష్టమని మా బంధువులు కొందరు అన్నారు. నేను అలా అనుకోను. బోర్డు డాక్టరు అక్షరాల పట్టిక ముందు నన్ను మళ్లీ నిలబెట్టినప్పుడు ఆ 6/12 ఎలాగూ బయటపడుతుంది, ఉత్తరంలో అది లేకపోతే మిగిలిన మాటలనూ నమ్మరు.

పాత కాగితాలు సంపాదించడం వేరే కథ. 2009 నాటి అచ్చు ప్రతులు కొన్ని వెలిసిపోయాయి, కొన్ని వానాకాలంలో బీరువాలో తడిసి ఒకదానికొకటి అంటుకుపోయాయి. అదృష్టవశాత్తు ఆసుపత్రి ఇచ్చిన చిన్న కార్డు మీద రికార్డు నంబరు చెక్కుచెదరకుండా ఉండటం వల్ల, రాతపూర్వకంగా అడిగి నకళ్లు తెచ్చుకోగలిగాను. అప్పటి ఫీల్డ్ టెస్ట్ కాగితం పక్కన ఇప్పటిది పెడితే, తెల్లని మచ్చ ఎంత చిన్నదైపోయిందో ఎవరికైనా తెలుస్తుంది. ఇంకొక చిక్కు పేరుతో వచ్చింది. పాత రికార్డులో నా పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు ఉన్నాయి. ఇద్దరమూ ఒకరమేనని నోటరీ అఫిడవిట్ జతచేశాను.

అక్టోబరులో ఎంపీడీవో కార్యాలయంలో అప్పీలు ఇచ్చి, రసీదు తీసుకున్నాను. ఈసారి అర్జీ ఒకే పేజీ. నన్ను ఏ కొలత ఆధారంగా అనర్హురాలన్నారో, ఏ కొలత తీయలేదో, ఆ కొలత ఇప్పుడు ఏ కాగితంలో ఉందో మాత్రమే రాశాను. అప్పీలు విచారణలో ఉండగా నా పింఛను ఆగలేదు.

నవంబరు చివర్లో పునఃపరీక్షకు వేరే ఆసుపత్రికి పిలిచారు. లోపలికి వెళ్లగానే కాగితాల కట్ట మొత్తం ఇవ్వకుండా, పైన ఉత్తరం, దాని కింద రెండు ఫీల్డ్ టెస్టుల ప్రతులు మాత్రమే చేతికిచ్చాను. మిగిలినవి అడిగితే చూపిస్తానన్నాను. డాక్టరమ్మ అక్షరాలు చదివించి 6/12 రాసుకున్నారు. తరువాత ఉత్తరం చదివి, నన్ను తన ముక్కు మీదనే చూపు నిలపమని, తన రెండు చేతుల వేళ్లను నా చెవుల వైపు నుంచి నెమ్మదిగా లోపలికి తెచ్చారు. ఆ వేళ్లు ఆవిడ బుగ్గల దగ్గరకు వచ్చేదాకా నాకు కనిపించలేదు. "ఈ పరీక్ష పోయినసారి చేయలేదా అమ్మా?" అని అడిగారు. "లేదండీ, నేను కూడా అడగలేదు" అన్నాను. కంటిలో చుక్కలు వేసి రెటీనాను చూసి, ఫీల్డ్ టెస్ట్ తేదీలు, నిలకడ అంకెలు తన రిజిస్టరులో ఎక్కించుకున్నారు.

డిసెంబరు రెండో వారంలో కొత్త ధ్రువపత్రం వచ్చింది. 70 శాతం, శాశ్వతం అని ఉంది. పాత 75 కంటే అంకె తగ్గింది, నా చూపు మాత్రం అప్పటికంటే చాలా తగ్గింది. లెక్క కట్టే పట్టిక మారినందువల్ల అలా కనిపిస్తుందని మా బంధువులకు చాలాసార్లు చెప్పవలసి వచ్చింది.

మా తమ్ముడు ఇంతవరకు సదరం పరీక్షకు వెళ్లలేదు. పగటి పూట పేపరు చదవగలుగుతున్నాను కదా, నాకెవరు ఇస్తారని వాడి మాట. సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు నా రెండు ఫీల్డ్ టెస్టు కాగితాలనూ వాడి ముందు పరిచాను. వచ్చే నెల ఐదో తేదీ ఉదయం వాడికి విజయవాడలో పరీక్ష ఉంది, తోడుగా నేనూ మా అమ్మాయీ వెళుతున్నాము.