ఇంట్లో ఎవరున్నారు?

బెంగళూరు మారతహళ్ళిలోని మా ఇంటికి నెలకొకసారి ఒక యాప్ తరఫున వచ్చే బ్యూటీషియన్‌ది మదనపల్లె. మొదట్లో మేడమ్ అనేది. నేను ఫోనులో మా అమ్మతో తెలుగులో మాట్లాడటం విన్నాక అక్కా అనడం మొదలుపెట్టింది. మొన్న శనివారం మా ఇంట్లో వ్యాక్స్ కరుగుతుండగా ఆమె ఫోను మూడుసార్లు మోగింది. రెండు కొత్త బుకింగులు, ఒకటి కూతురు. "అవ్వ లేచిందా? లేచేదాకా పొయ్యి దగ్గరికి పోవద్దు" అని కూతురికి చెప్పి, ఒక బుకింగు ఒప్పుకుని, రెండోది వదిలేసింది. అలా వదులుతూ పోతే తర్వాత పిలుపులు తగ్గుతాయట.

"మన టైం మనదే అని చేర్చుకున్నారక్కా. మా అత్త ఊరికి పోయిన వారం నాకు టైమే లే" అన్నది.

స్త్రీలు ఇలాంటి పనుల్లోకి రావడం గురించి మాట్లాడేటప్పుడు చదువు, వయసు, పెళ్ళి అని వరుసపెట్టి చెబుతుంటారు. వాటన్నిటికంటే ముందు, ఆమె గడప దాటితే ఇంట్లో ఎవరుంటారని అడగాలనిపిస్తుంది నాకు. 2024 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసేవారిలో స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారు. ఆ దాదాపు అయిదు గంటలు పోగా మిగిలినదే ఆమె చేతిలో ఉండే సమయం. గిరాకీ ఏమో సాయంత్రాల్లో, శని ఆదివారాల్లో, అంటే సరిగ్గా పిల్లలు ఇంటిపట్టున ఉండే వేళల్లో.

స్కూటీ భర్త పనికి తీసుకెళతాడు కనుక ఆమెకు బస్సే గతి. కర్ణాటకలో 2023 జూన్ నుంచి ఆడవాళ్ళకు బస్సు ఉచితమే కానీ, ఇక్కడి చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపించాలి. ఆమె ఆధార్‌లో ఉన్నది మదనపల్లె. మారిస్తే ఊళ్ళో రేషన్ పోతుందని భయం. అందుకే అంత బరువు సంచీతో ఎక్కి, టికెట్టు కొంటుంది.

2025లో కర్ణాటక తెచ్చిన గిగ్ కార్మికుల (ఇలా యాప్‌ల ద్వారా పని చేసేవారి) చట్టం, ప్రతి లావాదేవీలో కార్మికులకు చెల్లించే మొత్తంపై 1 నుంచి 5 శాతం దాకా కంపెనీల నుంచి సంక్షేమ నిధికి వసూలు చేయమంటుంది. మంచిదే. ఆ డబ్బుతో శనివారాలు కూడా తెరిచి ఉండే శిశు సంరక్షణ కేంద్రాలు పెడితే ఆమె ఆ రెండో బుకింగును వదులుకోనక్కర్లేదు.

వెళుతూ, "వచ్చే నెల బుధవారం పొద్దున పెట్టుకోండక్కా, పాప బడిలో ఉంటుంది" అన్నది. బుధవారం పొద్దున నాకు ఆఫీసు. మళ్ళీ శనివారానికే బుక్ చేశాను.