పట్టిన తుప్పు, పట్టించిన తుప్పు

పాత బండి మీద తుప్పు అందంగా ఉంటుందంటే ఒకప్పుడు మన కోనసీమలో ఎవరూ నమ్మేవాళ్లు కాదు, ఎందుకంటే సైకిల్ రిమ్ దగ్గర్నుంచి కిటికీ ఊచల దాకా ఇక్కడ అందరం తుప్పుతో పోట్లాడుతూ బతికినవాళ్లమే. ఇప్పుడు డబ్బులిచ్చి మరీ తుప్పు పట్టించుకునేవాళ్లు తయారయ్యారు. అమెరికా హాట్ రాడ్‌ల (బరువు తగ్గించి, ఇంజన్‌కి జోరు పెంచిన పాత కార్ల) వీడియోలు చూస్తారు, అందులో రంగు వెలిసిపోయి, బానెట్ మీద ఎర్రగా తేలి, తలుపు మీద ఏదో గ్యారేజ్ పేరు సగం చెరిగిపోయిన 1932 ఫోర్డ్ ఒకటి కనబడుతుంది, అంతే, నా జీపు కూడా అలాగే కావాలంటారు. బండి మీద పడిన ఆ వయసు కళనే వాళ్లు పాటినా అంటారు. మా బావమరిది కూడా రాజోలు నుంచి ఫోన్ చేసి "బావగారూ, తాతగారి జీపుకి పాటినా చేయిద్దామనుకుంటున్నానండి, ఏవంటారు?" అన్నాడు. వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో ఫోన్‌లో సగమే చెప్పగలిగాను, మిగతాది ఇక్కడ రాస్తున్నా.

అసలు మాట ముందే చెప్పేస్తాను. పాటినా ఉన్న బండిని చూసి మనం ముచ్చటపడేది తుప్పుని కాదు, మిగిలిన రంగుని. ఫ్యాక్టరీలో వేసిన రంగు అన్ని దశాబ్దాలు ఎండకీ వానకీ జనం చేతులకీ నిలబడి ఇంకా ఇంత మిగిలిందే అన్నదే దాని విలువంతా. షెడ్డులో చేయించే పాటినా దీన్ని తిరగేస్తుంది. ఉన్న రంగుని గీకేసి, లేని తుప్పుని తెచ్చిపెడుతుంది.

హాట్ రాడ్ల సంగతి తెలియనివాళ్లకి రెండు ముక్కలు. దక్షిణ కాలిఫోర్నియా కుర్రాళ్లు 1930ల్లో పాత ఫోర్డ్ మోడల్ టీ, మోడల్ ఏ కార్లని చవగ్గా కొని, మడ్‌గార్డులు, అద్దాలు, బరువనిపించిన ప్రతిదీ ఊడదీసి, ఇంజన్‌కి పదును పెట్టి, మురోక్, ఎల్ మిరాజ్ అనే ఎండిపోయిన సరస్సుల్లో పరుగులు తీయించేవాళ్లు. 1932లో ఫోర్డ్ కంపెనీ మామూలు మనిషి కొనుక్కోగలిగే కారులో ఎనిమిది సిలిండర్ల వి8 ఇంజన్ పెట్టడంతో ఆ కారు, ఆ ఇంజన్ ఈ పిచ్చి ఉన్నవాళ్లకి ప్రాణమైపోయాయి. 1937లో క్లబ్బులన్నీ కలిసి ఎస్‌సీటీఏ అనే సంఘం పెట్టుకున్నాయి, 1949 నుంచి యూటా రాష్ట్రంలోని బాన్‌విల్ ఉప్పు మైదానంలో కూడా పరుగులు మొదలయ్యాయి. ఇందులో మనవాళ్లు గమనించనిది ఒకటుంది. ఆ కుర్రాళ్లెవరూ తుప్పు కావాలని కోరుకోలేదు. చేతిలో డబ్బు ఆడితే నిగనిగలాడే రంగు వేయించారు, ఆడకపోతే రంగు కింద వేసే ప్రైమర్‌తోనే తిప్పారు. తుప్పునే అలంకారంగా పెట్టుకునే రాట్ రాడ్ మోజు బాగా ముదిరింది 1990ల నుంచి. కాబట్టి ‘పాతకాలపు హాట్ రాడ్ లుక్’ అని చెప్పి ఇప్పుడు పులుముతున్నది పాతకాలంలో ఎవరూ కోరుకోని లుక్.

సరే, అక్కడి నిజమైన పాటినా అంత బాగా ఎందుకుంటుంది? ఎడారి వల్ల. మొహావీ ఎడారిలో ఏడాదంతా కురిసే వాన మనకి ఒక గట్టి తుఫానులో కురిసేదానికంటే తక్కువ. అక్కడ రంగుని చంపేది ఎండ. సూర్యకాంతికి రంగులోని బంధకం విరిగిపోయి పైపొర సుద్దలా రాలుతుంది, లోపలి ప్రైమర్ బయటపడుతుంది, ఆ తర్వాత రేకు మీద పలచటి తుప్పు పొర ఏర్పడి, తేమ లేక అక్కడే ఆగిపోతుంది. దశాబ్దాల తర్వాత కూడా వేలితో తట్టి చూస్తే రేకు గట్టిగా మోగుతుంది.

మన డెల్టాలో కథ వేరు. గాలిలో తేమ 60 శాతం దాటితే ఇనుము తుప్పు పట్టే వేగం బాగా పెరుగుతుంది, దానికి ఉప్పు తోడైతే అంతకంటే తక్కువ తేమకే మొదలైపోతుంది. అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రపు గాలి, ఇటు ఉప్పునీటి రొయ్యల చెరువులు, తెల్లారేసరికి బానెట్ మీద చెయ్యి పెడితే తడి. ఉప్పులోని క్లోరైడ్ రేకు మీద సమానంగా పరుచుకోదు, ఒక్కో చుక్క దగ్గర గుంట తవ్వుకుంటూ లోపలికి పోతుంది. పైగా ఇక్కడ తుప్పు పైనుంచి కాదు, కింద నుంచి, అతుకుల లోపల నుంచి వస్తుంది. చాసిస్ (బండి కింది ఇనుప చట్రం) పెట్టెల్లో వరద ఒండ్రు చేరి ఏళ్ల తరబడి తడిగా కూర్చుంటుంది. బానెట్ చూస్తే బాగానే ఉంటుంది, కాలు పెట్టిన చోట ఫ్లోర్ రేకు చిల్లు పడుతుంది. అందుకే కోనసీమ జీపు బానెట్ మీద అరిజోనా కారు తుప్పు పెడితే చూడటం వచ్చినవాడు ఒక్క చూపులో పట్టేస్తాడు, ఆ బండి ఎక్కడ బతికిందో దాని గురించి అబద్ధం చెబుతోందని.

పాలకొల్లు దగ్గర ఒక టింకరింగ్ మేస్త్రీ గారున్నారు, అంబాసిడర్లు కొత్తగా వస్తున్న రోజుల నుంచీ ఆ పనిలోనే ఉన్నారు. ఎవరో అమ్మకానికి పెట్టిన పాత కారుని ఆయనకి చూపించాను. కళ్లద్దాలు తుడుచుకుని, బొటనవేలి గోరుతో రంగు అంచుని మెల్లగా గీకి, "ఆయ్, ఇది ఎమరీ కొట్టిందండి. గోరు ఎక్కడా తగులుకోవట్లేదు చూడండి" అన్నారు. నిజం రంగు ఊడేటప్పుడు కింద తుప్పు చొరబడి పొరని పైకి లేపుతుంది, పాత గోడ మీద సున్నం పెచ్చులు లేచినట్టు, ఆ అంచు గోరుకి తగులుతుంది. ఎమరీ పేపర్ కొట్టిన అంచు మాత్రం నున్నగా జారిపోతుంది, పై రంగు, ప్రైమర్, రేకు మూడూ ఒకదాని చుట్టూ ఒకటి వలయాల్లా చక్కగా కనబడతాయి. అంత చక్కగా కనబడటమే అనుమానం. భూతద్దం పెడితే గీతలన్నీ ఒకే వైపుకి పోతుంటాయి. ఆయన ఇంకోటి చూపించారు. పాత తుప్పు ముదురు గోధుమ రంగులో ఉంటుంది, కొన్ని చోట్ల నల్లబడి గట్టిగా అతుక్కుని ఉంటుంది. మందు కొట్టి తెచ్చిన తుప్పు నారింజ రంగులో, అంతటా ఒకేలా, చేతికి పొడిపొడిగా అంటుకుంటుంది.

అప్పట్నుంచి నేను కూడా చూడటం మొదలుపెట్టాను. ఒకే చోట ఏళ్ల తరబడి నిలబడిన బండికి దక్షిణం వైపు ఎక్కువ వెలుస్తుంది, ఉత్తరం వైపు రంగు మిగులుతుంది. రెండు వైపులా సమానంగా వెలిసిన బండి కనబడితే వెంటనే నమ్మకండి. కంపెనీ బిళ్ల ఊడదీస్తే దాని కింద అసలు రంగు ఆ బిళ్ల ఆకారంలోనే ముదురుగా ఉండాలి. బానెట్ లోపలి రంగు, డాష్‌బోర్డ్ కింది రంగు బయటి రంగుకి అన్నదమ్ముల్లా ఉండాలి, లోపల ఆకుపచ్చ, బయట ‘వెలిసిన నీలం’ ఉంటే మధ్యలో ఎవరో చెయ్యి పెట్టినట్టే.

ఫోర్డ్ మోడల్ ఏ విషయంలో అయితే నాకు చాలా నచ్చే గుర్తు ఒకటుంది. 1928 నుంచి 1931 దాకా వచ్చిన ఆ కార్లకి బాడీ మీద నైట్రోసెల్యులోజ్ ల్యాకర్ కొట్టేవాళ్లు, మడ్‌గార్డుల్ని మాత్రం నల్ల ఎనామెల్‌లో ముంచి పొయ్యిలో కాల్చేవాళ్లు. రెండు రకాల రంగులు కాబట్టి రెండూ రెండు రకాలుగా ముసలివవుతాయి. ల్యాకర్ కాంతి తగ్గి సన్నగా చిట్లుతుంది, కాల్చిన ఎనామెల్ అలా చిట్లదు. షెడ్డులో పాటినా చేసేవాడికి ఇది తెలియకపోతే బాడీకీ మడ్‌గార్డుకీ ఒకటే ముసలితనం పెట్టేస్తాడు. (ఆ ల్యాకర్‌లో పేరుమోసినది డ్యూపాంట్ వాళ్ల డ్యూకో. ఇవాళ్టికీ మన వడ్రంగులు బీరువాకి స్ప్రే కొట్టించాలంటే డ్యూకో కొట్టిద్దామండి అనే అంటారు.)

ఇక తాతగారి జీపు దగ్గరికి వస్తా. అది మహీంద్రా వాళ్లు అమెరికా విల్లీస్ కంపెనీ లైసెన్స్ మీద కట్టిన ఎత్తు బానెట్ జీపు, ఇంజన్ ఎత్తు ఎక్కువ కావడంతో బానెట్ పైకి లేపాల్సి వచ్చిన మోడల్. తాతగారు ప్రభుత్వ వేలంలో కొని నీలం రంగు కొట్టించుకున్నారు. మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు కొబ్బరి తోటలోని పాక లోంచి బయటికి లాగి చూశాం. బానెట్ మీద ఒక సొట్ట, కొబ్బరికాయ పడినది. డ్రైవర్ ఎక్కే చోట, కుడివైపు బాడీ అంచు మీద, ఎన్నో ఏళ్లు పంచెలూ ప్యాంట్లూ రాసుకుని రంగు పొరలు పొరలుగా అరిగింది: నీలం, దాని కింద ఆకుపచ్చ, దాని కింద రెడ్ ఆక్సైడ్ ప్రైమర్, నడిమధ్యలో వేలి వెడల్పున రేకు. ఇంత తేమలో కూడా ఆ రేకు తుప్పు పట్టలేదు, మనుషులు రోజూ రాసుకుని ఎక్కడం వల్ల వెండిలా మెరుస్తూ ఉండిపోయింది. బానెట్ పక్కన నీలం పలచబడిన చోట ఏటవాలుగా చూస్తే బ్రష్‌తో రాసిన తెల్ల అక్షరాలు కనబడ్డాయి, పి.డబ్ల్యు.డి. అని. కాలువ గట్ల మీద లాకులూ తూములూ చూసుకుంటూ తిరిగిన బండి అది. ఆ అక్షరాలున్న చోటే మా బావమరిది ఎప్పుడూ లేని ఓ గ్యారేజ్ పేరూ, ‘1948’ అనీ ఇంగ్లీషులో రాయించి ఎమరీతో చెరిపిద్దామనుకున్నాడు! నిజంగా చెరిగిన అక్షరాలు కింద ఉండగా పైన అబద్ధపు అక్షరాలు రాసి చెరపడం ఎందుకు చెప్పండి. ఇది చూపించాక వాడే వెనక్కి తగ్గాడు.

ఒకవేళ తగ్గకపోయినా పని జరిగే పద్ధతి చూస్తే నాకు ఒళ్లు మండేది. రంగు గీకేసి, వెనిగర్, ఉప్పు, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపి స్ప్రే చేస్తారు, రేకు కళ్లముందే ఎర్రబడుతుంది. ఎడారిలో ఏమో గానీ సముద్రానికి కూతవేటు దూరంలో ఉండి బండి మీద మన చేత్తో మనమే ఉప్పు కొట్టడం ఏమిటి? ఆ ఉప్పు అతుకుల్లోకి దిగాక కడిగితే పోదు. బాన్‌విల్‌లో పరుగు తీసినవాళ్లు ఇంటికి రాగానే మొట్టమొదట చేసే పని బండి కింద ఉప్పంతా కడుక్కోవడం, ఏళ్ల తర్వాత కూడా ఏ సందులోంచో రాలుతూనే ఉంటుందని వాపోతుంటారు. ఇక్కడ దాని మీద మ్యాట్ క్లియర్ కోట్ (మెరుపు లేని, రంగు లేని పూత) వేసి ‘సీల్ చేశాం’ అంటారు. తేమా ఉప్పూ లోపలే ఉండిపోతాయి, తుప్పు ఆగదు, క్లియర్ కింద పొక్కులు లేచి తెల్లబారి పొరలుగా ఊడుతుంది. అప్పుడిక మొత్తం బ్లాస్టింగ్ (ఇసుకని జోరుగా కొట్టి రంగంతా ఊడదీయడం) చేయించి కొత్త రంగు వేయించడం తప్ప దారి ఉండదు. మిగిలిన ఆ కాస్త అసలు రంగూ అప్పుడు పోతుంది.

అలాగని తయారుచేసిన పాటినా అంతా తప్పని నేను అనను. ఫ్లోర్ చిల్లు పడి కొత్త రేకు అతికించారనుకోండి, లేదా ఒక మడ్‌గార్డ్ కొత్తది వేశారనుకోండి, చుట్టూ ఉన్న పాత రంగులో అది కలిసిపోయేలా రంగు కలిపి, కాంతి తగ్గించి, చూపు అక్కడ ఆగకుండా చేయడం గొప్ప పనితనం. కొత్త రంగు కొట్టడం కంటే కష్టం. అది మిగిలినదాన్ని కాపాడటానికి చేసే పని. కొత్త ఫైబర్ బాడీకి సరదాగా పాత వేషం వేసి ‘వేషమే’ అని చెప్పేవాళ్లతో కూడా నాకు పేచీ లేదు. పేచీ ఎక్కడంటే, చెప్పకుండా అమ్మడంలో. అమెరికాలోని పెబుల్ బీచ్ లాంటి పెద్ద పాత కార్ల ప్రదర్శనల్లో అసలు రంగుతో ఉన్న బండ్లకి ప్రత్యేకంగా విభాగమే ఉంది, బయట వాటికి ధర కూడా బాగా పలుకుతోంది, ధర ఉన్నచోటికి నకిలీ నడుచుకుంటూ వస్తుంది.

మన దగ్గర ఇంకో సంగతి కూడా చూసుకోవాలి. కేంద్రం 2021లో తెచ్చిన వింటేజ్ నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన సొంత వాడకపు బండిని చాసిస్, బాడీ, ఇంజన్ మార్చకుండా అసలు రూపంలో ఉంచితే ‘వీఏ’ సిరీస్ నంబర్ తీసుకోవచ్చు, కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు. హాట్ రాడ్‌లా కోసి కుదించిన బండికి అది రాదు, పైగా కంపెనీ కట్టినదానికి భిన్నంగా బండిని మార్చకూడదనే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌తో తలనొప్పి. జీపు విషయంలో మా బావమరిదిని ఒప్పించిన రెండో మాట ఇదే.

ఇప్పుడు జీపుకి ఏం చేస్తున్నామంటే, పెద్దగా ఏమీ చేయడం లేదు. మంచినీళ్లతో కింద నుంచి పైకి కడిగాం, చాసిస్‌లోంచి ఒండ్రు గడ్డలు గడ్డలుగా దిగింది. కింద తుప్పు మాత్రం ఏమీ మొహమాటపడకుండా బ్రష్ కొట్టి, ప్రైమర్, చాసిస్ బ్లాక్ వేస్తున్నారు, ఎందుకంటే అక్కడ ఉన్నది పాటినా కాదు, రోగం. పైన రంగు మీద మాత్రం బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్ గుడ్డతో పలచగా రుద్ది, మిగిలింది తుడిచేయడమే, అప్పుడప్పుడూ మళ్లీ రుద్దాలి. ఆ నూనె గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయొద్దు, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి, విడిగా ఆరేయండి లేదా నీళ్లలో ముంచండి. సొట్ట తీయించడం లేదు.

మీ ఇళ్లలో, మీ రైస్ మిల్లుల వెనక, తోటల్లో ఇలాంటివి ఉంటే పెయింటర్‌ని పిలిచే ముందు బానెట్ లోపల, సీటు కింద, నంబర్ ప్లేట్ వెనక ఫొటోలు తీసి నాకు పంపండి. రంగు పొరలు చూసి ఏది అసలుదో, ఏది తర్వాత కొట్టిందో మేస్త్రీ గారిని అడిగి చెబుతాను.