గేమ్ అమ్మకాల మీద మా ఉత్తుత్తి షేర్ మార్కెట్: నవంబర్ 2025 లాగ్

నవంబర్‌లో మా మార్కెట్‌కి తీరికే దొరకలేదు. అక్టోబర్ నెలాఖరున మాన్‌స్టర్ హంటర్ వైల్డ్స్ గేమ్ తెచ్చిన క్యాప్‌కామ్ కంపెనీ లెక్కలు వచ్చాయి. నవంబర్ 4న నింటెండో అర్ధ సంవత్సరం ఫలితాలు, 6న జీటీఏ 6 (గ్రాండ్ థెఫ్ట్ ఆటో 6) గేమ్ మరోసారి వాయిదా. మూడింటి మీదా మా దగ్గర షేర్లు నడుస్తున్నాయి. ఏం జరిగిందో, నిబంధనల్లో ఏం మార్చానో, ఇలాంటిది మొదలుపెట్టాలనుకునేవాళ్లకు పనికొచ్చేలా రాసి పెడుతున్నాను.

కొత్తగా చదివేవాళ్ల కోసం ముందు రెండు ముక్కలు. ఒక గేమ్ గానీ కన్సోల్ గానీ ఫలానా తేదీకి ఎన్ని అమ్ముడవుతుందన్న దాని మీద మేం షేర్లు పెడతాం. లెక్క ఎక్కువ వస్తుందనుకున్నవాళ్లు కొంటారు, అంత రాదనుకున్నవాళ్లు అమ్ముతారు. ఆ బేరాలన్నీ కలిసి తేల్చిన ధరే మా అంచనా. ఆడేది పాతిక ముప్పై మంది. హైదరాబాద్‌లో నాతో పనిచేసినవాళ్లు, గుంటూరు కాలేజీ స్నేహితులు, డాలస్‌లో ఉండే మా బావ, ఆయన పరిచయస్తులు. ఫీజు లేదు, బహుమతి లేదు, పాయింట్లకు రూపాయి విలువ లేదు. ఈ విషయంలో నేను గట్టిగా ఉంటాను. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల మీద తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధం తెచ్చాయి. 2025 ఆగస్టులో కేంద్ర చట్టమే వచ్చింది. చట్టం సంగతి అటుంచినా, డబ్బు చేరితే మనుషులు గేమ్ గురించి మాట్లాడటం మానేసి డబ్బు గురించే మాట్లాడతారు. నాకు కావాల్సింది మంచి అంచనా.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. 1996లో మొదలైన హాలీవుడ్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో సినిమా షేరు ధరను అమెరికాలో మొదటి నాలుగు వారాల వసూళ్లకు ముడిపెట్టారు. 2000ల చివర్లో సిమ్ ఎక్స్ఛేంజ్ అనే సైటు వీడియో గేమ్‌ల కోసమే ఇలాంటి మార్కెట్ నడిపింది. అప్పట్లో ఎన్‌పీడీ సంస్థ నెలనెలా బయటపెట్టే అమెరికా యూనిట్ల లెక్క వాళ్లకు ఆధారంగా ఉండేది. ఆ సంస్థ ఇప్పుడు సర్కానా పేరుతో ఉంది. నెలవారీ పట్టిక ఇప్పటికీ వస్తుంది కానీ అందులో ఏ గేమ్ ఎన్నో స్థానంలో ఉందో తెలుస్తుంది తప్ప ఎన్ని అమ్ముడయ్యాయో తెలియదు. అందుకే మా మార్కెట్ మొత్తాన్ని కంపెనీల త్రైమాసిక ఫలితాల మీద కట్టాను.

ఏ లెక్క మీద తేలుస్తాం

మార్కెట్ నడపడంలో ముప్పావు వంతు పని ఇదే. ప్రోగ్రామ్ రాయడం పెద్ద కష్టం కాదు. షేరు గడువు తీరిన రోజున ఎవరి అంకె ప్రకారం పాయింట్లు పంచుతామో ముందే ఒక్క సందేహం లేకుండా రాసి ఉండాలి. మన సినిమా కలెక్షన్ల వాదనలు విన్నవాళ్లకు ఇది చప్పున అర్థమవుతుంది. ఒకే సినిమాకి గ్రాస్ ఒకటి, షేర్ ఒకటి, పోస్టర్ మీద వేసేది ఇంకొకటి. ఏది అడుగుతున్నామో తేల్చుకోకుండా "ఎంత వసూలు చేసింది" అని మొదలుపెడితే తెల్లవార్లూ కూర్చోవచ్చు. గేమ్‌ల దగ్గరా అంతే. షాపులకు పంపినవి, జనం కొన్నవి, డౌన్‌లోడ్లు, ఊరికే ఆడినవాళ్లు: ఈ నాలుగూ వేర్వేరు అంకెలు.

నింటెండో ప్రకటించేది ప్రధానంగా షాపులకు పంపిన లెక్క. అందులో డౌన్‌లోడ్లూ, కన్సోల్‌తో కలిపి అమ్మిన కాపీలూ ఉంటాయి. మారియో కార్ట్ వరల్డ్ మీద బేరం చేసేవాళ్లు ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి. 2025 జూన్ 30 నాటికి నింటెండో కొత్త కన్సోల్ స్విచ్ 2 58.2 లక్షలు పోతే, ఈ గేమ్ 56.3 లక్షలు పోయింది. బండిల్ వల్లే అది కన్సోల్‌తో సమానంగా నడిచింది. సెప్టెంబర్ 30కి 95.7 లక్షలైంది. జపాన్‌లో గేమ్‌ల పత్రిక ఫామిట్సు వారంవారం ఇచ్చే లెక్కలో డౌన్‌లోడ్లు ఉండవు, డబ్బాలో అమ్మినవే ఉంటాయి. అది ఏ దిక్కుగా పోతోందో చూసుకోవడానికి మంచిది, తేల్చడానికి పనికిరాదు. యూబీసాఫ్ట్ అసాసిన్స్ క్రీడ్ షాడోస్ విషయంలో మొదటి వారం ప్రకటించింది 30 లక్షల ప్లేయర్లని. సబ్‌స్క్రిప్షన్ మీద ఆడినవాళ్లు కూడా ప్లేయర్లే. కాబట్టి మా దగ్గర నిబంధన ఒక్కటే: "ప్లేయర్లు" అని ప్రకటించే అంకె మీద షేరు పెట్టం. అదే క్లేర్ ఆబ్‌స్క్యూర్ అనే గేమ్, మైక్రోసాఫ్ట్ సబ్‌స్క్రిప్షన్ అయిన గేమ్ పాస్‌లో మొదటి రోజు నుంచే ఉన్నా 33 రోజుల్లో 33 లక్షల కాపీలు అమ్మామని స్పష్టంగా చెప్పారు. అలాంటిదాని మీద పెట్టొచ్చు.

ఇప్పుడు నడుస్తున్న స్విచ్ 2 షేరు నిబంధన పూర్తిగా ఇది, కావలిస్తే అలాగే తీసుకోండి (అంచె అంటే ఇంత నుంచి ఇంత అని విడగొట్టిన అమ్మకాల భాగం, కింద చెబుతాను): "2026 మార్చి 31 నాటికి స్విచ్ 2 మొత్తం అమ్మకాలు. ఆ ఆర్థిక సంవత్సరం ఫలితాల్లో నింటెండో స్వయంగా ప్రకటించే ప్రపంచవ్యాప్త యూనిట్ల అంకె. వార్తా కథనాలు, అంచనా సంస్థల లెక్కలు చెల్లవు. అంకె సరిగ్గా రెండు అంచెల సరిహద్దు మీద పడితే పై అంచెకు చెందుతుంది. తర్వాత కంపెనీ అంకె సవరించినా పంచిన పాయింట్లు మారవు." చివరి వాక్యం చాలా ముఖ్యం. అది లేకపోతే ఏ షేరూ ఎప్పటికీ మూతపడదు.

జపాన్ మనకంటే మూడున్నర గంటలు ముందుంటుంది. అక్కడ ఫలితాలు వచ్చేసరికి ఇక్కడ ఆఫీసు వేళ. అందుకని ముందురోజు రాత్రి 9కే బేరాలు ఆపేస్తున్నాను. లేకపోతే పని మానుకుని ఫోన్ పట్టుకున్నవాడికే పాయింట్లు దక్కుతాయి. అది అంచనా అనిపించుకోదు.

ధర కదిలే పద్ధతి

మొదట్లో కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ ఒకరికొకరు దొరికితేనే బేరం కుదిరేది. పాతిక మందికి ఆ పద్ధతి సరిపోదు, రోజుల తరబడి ధర కదలదు. ఇప్పుడు మార్కెట్ తరఫున ఒక ప్రోగ్రామే ఎప్పుడూ ఎదురు నిలబడి కొంటుంది, అమ్ముతుంది. ఆర్థికవేత్త రాబిన్ హ్యాన్సన్ ఇచ్చిన లాగరిథమిక్ సూత్రం ఇందుకు ఆధారం. అమ్మకాల అంకెను అంచెలుగా విడగొడతాం. స్విచ్ 2కి ఐదు అంచెలున్నాయి: 1.6 కోట్ల లోపు, 1.6 నుంచి 1.8, 1.8 నుంచి 2, 2 నుంచి 2.2, ఆపైన. గెలిచిన అంచెలో ఒక్కో షేరుకు 1 పాయింట్, మిగతావాటికి సున్నా. ఒక్కో అంచెలో ఇప్పటిదాకా అమ్మిన షేర్ల సంఖ్యను బీ అనే అంకెతో భాగించి, e (దాదాపు 2.718) పవర్ అంతకు తీసుకుని, అన్నిటినీ కూడి, ఆ మొత్తానికి సహజ లాగ్ తీసి బీతో గుణిస్తే మొత్తం ఖర్చు వస్తుంది. కొనకముందు ఖర్చుకూ కొన్న తర్వాత ఖర్చుకూ తేడానే మీరు కట్టే పాయింట్లు.

బీ ఎంత పెట్టాలన్నదే అందరూ అడిగే ప్రశ్న. ఐదు అంచెలూ 0.20 దగ్గర మొదలయ్యాయనుకోండి. బీ 100 అయితే, ఒక అంచెలో 100 షేర్లు కొనడానికి 29.5 పాయింట్లు అవుతుంది, ధర ఒక్కసారిగా 0.40కి ఎగురుతుంది. బీ 500 అయితే అవే షేర్లకు 21.7 పాయింట్లు చాలు, ధర 0.23 దాకానే పోతుంది. బీ చిన్నదైతే ఒక్కడే మార్కెట్‌ను ఊపేస్తాడు. మరీ పెద్దదైతే పదిమంది కొన్నా ధర కదలదు. మార్కెట్ తరఫున గరిష్ఠ నష్టం కూడా దీని మీదే ఆధారపడి ఉంటుంది: ఐదు అంచెలు సమానంగా మొదలైతే బీ 100కి 161 పాయింట్లు, బీ 500కి 805. ఒక్కొక్కరికి మేం మొదట ఇచ్చేది 1000 పాయింట్లు. అందరూ చూసే స్విచ్ 2కి 500, నలుగురైదుగురే పట్టించుకునే గేమ్‌లకు 100 నుంచి 150. ఇది మాకు బాగా కుదిరింది.

పైథాన్‌లో రాసేవాళ్లకు ఒక మాట. e పవర్ నేరుగా తీస్తే షేర్లు పెరిగేకొద్దీ అంకె పొంగిపోతుంది. అన్ని అంచెల్లోంచి పెద్ద విలువను ముందే తీసేసి లెక్క చేసి, చివర్లో మళ్లీ కలపండి. ఒకేసారి ఇద్దరు కొన్నప్పుడు పాత ధరే ఇద్దరికీ పడకుండా ప్రతి బేరానికీ డేటాబేస్‌లో లాక్ వెయ్యండి. మాకు ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ చాలు. బేరాలు టెలిగ్రామ్ బాట్ ద్వారా జరుగుతాయి.

నవంబర్ 4 ముందు స్విచ్ 2కి నింటెండో సొంత లక్ష్యం 1.5 కోట్లు. మా సగటు అంతకన్నా బాగా పైనే నిలబడి ఉంది. నాలుగు రోజుల్లో 35 లక్షలు పోయిన కన్సోల్ అది, కంపెనీ జాగ్రత్త కోసం తక్కువ చెబుతోందని ఎక్కువమంది అనుకున్నారు. ఫలితాల్లో సెప్టెంబర్ 30 నాటికి 1.036 కోట్లని తేలింది, లక్ష్యం 1.9 కోట్లకు పెరిగింది. ఆ సాయంత్రం మార్కెట్ తెరవగానే 1.8 నుంచి 2 కోట్ల అంచె సగం దాటేసింది. డాలస్ బావ మాత్రం "లక్ష్యం పెంచారంటే దాన్నీ దాటేస్తారు, చూస్తూ ఉండు" అని పై అంచె కొంటూనే ఉన్నాడు. ఆయన లెక్కలో అర్థం ఉంది. నాకే ఆ ధర కాస్త ఎక్కువనిపిస్తోంది.

లాంగ్ రన్

ఈ ఏడాది మా వాళ్లందరికీ పాఠం నేర్పిన గేమ్ మాన్‌స్టర్ హంటర్ వైల్డ్స్. ఫిబ్రవరి 28న విడుదలైంది, మూడు రోజుల్లో 80 లక్షలు. పీసీ గేమ్‌లు అమ్మే స్టీమ్‌లో ఒకేసారి ఆడినవాళ్లు 13.8 లక్షల దాకా వెళ్లారు. నెలలోపే కోటి. అక్కడి నుంచి ఏప్రిల్, మే, జూన్ కలిపి అమ్ముడైంది 4.77 లక్షలే. సెప్టెంబర్ దాకా ఆరు నెలలు కలిపినా 6.4 లక్షల దగ్గర ఆగింది. పీసీలో సరిగా నడవడం లేదన్న ఫిర్యాదులు, కథ అయిపోయాక చేయడానికి పెద్దగా ఏమీ లేదన్న అసంతృప్తి స్టీమ్ రివ్యూల్లో కనిపిస్తూనే ఉన్నాయి. ఓపెనింగ్ చూసి ధర కట్టినవాళ్ల కన్నా, జూన్‌లో ఆ రివ్యూలు కూర్చుని చదివినవాళ్లే ముందున్నారు.

అందుకే ఇప్పుడు కొత్త షేరు తెరిచే ముందు పాత గేమ్‌ల పట్టిక ఒకటి అందరికీ పంపుతున్నాను. మొదటి ఫలితాల తర్వాత అది ఎన్ని రెట్లు పెరిగిందో అందులో ఉంటుంది. యానిమల్ క్రాసింగ్ 2020 మార్చి 20న వచ్చి పన్నెండు రోజుల్లో 1.177 కోట్లు, జూన్ 30కి 2.24 కోట్లు, మరుసటి మార్చి 31కి 3.263 కోట్లు. అంటే జూన్ నుంచి మార్చికి 1.46 రెట్లు. జెల్డా టియర్స్ ఆఫ్ ద కింగ్‌డమ్ 2023 మేలో మూడు రోజుల్లోనే కోటి దాటింది. జూన్ 30కి 1.851 కోట్లు, మరుసటి మార్చికి 2.061 కోట్లు: 1.11 రెట్లు మాత్రమే. కంపెనీ ఒకటే, కన్సోల్ ఒకటే, నెలలూ అవే. జెల్డా అభిమానులు విడుదలకే కొనేశారు. యానిమల్ క్రాసింగ్‌ను మాత్రం లాక్‌డౌన్‌లో, అంతకుముందు గేమ్‌లు ఆడనివాళ్లు కూడా కన్సోల్‌తో సహా కొన్నారు. ఇంకా కొనని జనం ఎంతమంది మిగిలారన్న ప్రశ్న వేసుకుంటే ధర చాలావరకు దారికొస్తుంది.

వాయిదాల నిబంధన

జీటీఏ 6 మొదట 2025 అన్నారు, మేలో 2026 మే 26కి మార్చారు, ఇప్పుడు 2026 నవంబర్ 19. తేదీకి ముడిపెట్టిన అమ్మకాల షేరు ఇలాంటప్పుడు అమ్మకాల గురించి ఏమీ చెప్పదు, వాయిదా మీద పందెంగా మారిపోతుంది. కాబట్టి రెంటినీ విడదీశాను. విడుదల ఎప్పుడన్నది ఒక షేరు. ఎన్ని పోతాయన్నది మరో షేరు, దానికి క్యాలెండర్ తేదీ లేదు: విడుదల తర్వాత దాని కంపెనీ టేక్-టూ ఇచ్చే మొదటి త్రైమాసిక ఫలితాల్లోని అంకెతో తేలుతుంది. 2013 సెప్టెంబర్‌లో వచ్చిన జీటీఏ 5 దాదాపు 22 కోట్లకు చేరిందని ఈసారి ఫలితాల్లో చెప్పారు. అది చూసి కొత్తదాని ధర పైకి లాగుతున్నారు మా వాళ్లు. పన్నెండేళ్ల మొత్తాన్ని మొదటి త్రైమాసికంతో పోల్చకూడదని ఆ షేరు పక్కనే రాసిపెట్టాను.

చిన్న మార్పులు: రెండు నెలలు ఒక్క బేరమూ చేయనివాళ్ల పాయింట్లు ర్యాంకుల్లో చూపించడం లేదు. ప్రతి నెలా అందరికీ 50 పాయింట్లు కొత్తగా ఇస్తున్నాను, అన్నీ పోగొట్టుకున్నవాళ్లు మళ్లీ రావడానికి.

డిసెంబర్ 1 రాత్రి పోకేమాన్ లెజెండ్స్ జెడ్-ఏ షేరు తెరుస్తున్నాను, డిసెంబర్ 31 నాటి అమ్మకాల మీద. అక్టోబర్ 16న వచ్చింది, మొదటి వారం 58 లక్షలు. ఇదే వరుసలోని ఆర్సియస్ 2022 జనవరి 28న వచ్చి మొదటి వారం 65 లక్షలు, మార్చి 31కి 1.264 కోట్లు, అంటే 1.94 రెట్లు. అదే లెక్కన జెడ్-ఏ 1.13 కోట్ల దగ్గర పడాలి. దీనికి రెండు వారాలు ఎక్కువ ఉన్నాయి, క్రిస్మస్ కూడా కలిసొస్తుంది. అయినా అంచెల ధరలు అక్కడి చుట్టూనే మొదలుపెడుతున్నాను: 90 లక్షల లోపు 0.10, 90 నుంచి 105 లక్షలు 0.25, 105 నుంచి 120 లక్షలు 0.35, 120 నుంచి 135 లక్షలు 0.20, ఆపైన 0.10. ఇలా అసమాన ధరలతో మొదలుపెట్టాలంటే ఒక్కో అంచె మొదటి షేర్ల సంఖ్యను ఆ ధర లాగ్‌ను బీతో గుణించి పెడితే సరి. బీ 300, మార్కెట్‌కి గరిష్ఠ నష్టం 691 పాయింట్లు. నింటెండో ఫలితాల ముందురోజు రాత్రి 9కి మూసేస్తాను.