స్టార్ట్ అయింది, ఆగలేదు

ఆదివారం. రాత్రి పదిన్నర. మూడుసార్లు సబ్బుతో కడుక్కున్నా చేతులు ఇంకా పెట్రోలు వాసనే. పెరుగన్నం స్పూనుతో తింటుంటే అమ్మ వింతగా చూసింది.

ఈరోజు ఫియట్ స్టార్ట్ అయింది.

పేరుకి ప్రీమియర్ పద్మిని. 1974 నుంచీ కంపెనీవాళ్లు ఆ పేరే పెట్టుకున్నారు, మాది 1983 బండి. అయినా తెనాలిలో దాన్ని పద్మిని అని పిలిచిన మనిషిని నేను చూడలేదు. ఇటలీవాళ్ల ఫియట్ 1100నే బొంబాయి కుర్లాలో తయారుచేసేవాళ్లు కాబట్టి జనం నోట్లో ఫియట్‌గానే ఉండిపోయింది. కొత్తది కావాలంటే డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూడాల్సిన రోజులవి. నాన్నకి అంత ఓపిక ఎక్కడిది! 1988లో గుంటూరులో ఒక డాక్టరు గారి దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. స్టీరింగ్ పక్కన గేరు, ముందు బెంచీ సీటు. ఆ ముందు సీట్లోనే నలుగురం ఇరుక్కుని మంగళగిరి తిరునాళ్లకి వెళ్లేవాళ్లం.

2013లో నాన్నకి కంటి ఆపరేషన్ అయింది. అదే ఏడాది నేను చిన్న కారు కొన్నాను. ఫియట్‌ని పెరట్లో రేకుల షెడ్డులోకి తోసేసి "పండగ వెళ్లాక బాగుచేయిద్దాం" అనుకున్నాం. ఏ పండగో ఎవరం చెప్పుకోలేదు. మొన్న పాత ఇనుము కొనేవాడు గేటు దగ్గర నిలబడి బేరం మొదలుపెట్టేదాకా అది అలాగే ఉంది. వాడు వెళ్లిపోయాక నాన్న రెండు రోజులు పేపరు మీంచి తల ఎత్తలేదు. మూడో రోజు నేనే వెళ్లి మేస్త్రి గారిని తీసుకొచ్చాను.

ఆయనది విజయవాడ ఆటోనగర్‌లో నలభై ఏళ్ల పని. ఇప్పుడు ఇక్కడే కూతురి దగ్గర ఉంటున్నారు. బానెట్ ఎత్తి చాలాసేపు చూసి, "ఇది తిరిగి పాడవలేదు బాబూ, ఊరికే నిలబడి పాడయింది" అన్నారు. మూడు వారాలుగా ఏ నట్టు విప్పినా ఆ మాటే గుర్తొస్తోంది. ఎయిర్ ఫిల్టర్‌లో ఎలుకలు గూడు పెట్టాయి. అది కూడా 2014 ఎన్నికల కరపత్రాలతో. ఒక ముక్క మీద సగం హామీ ఇంకా చదవడానికి వీలుగానే ఉంది. ట్యాంకులో మిగిలిన పెట్రోలు రంగుల షాపు వాసన కొడుతూ బెల్లం పాకంలా తయారైంది. బ్రేక్ ఆయిల్‌కి గాల్లో తేమని పీల్చుకునే గుణం ఉందట. ఆ నీటికి వీల్ సిలిండర్లు లోపల తుప్పు పట్టి బిగుసుకుపోయాయి. నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులే, నాలుగూ పట్టేశాయి. డ్రమ్ములు ఊడగొట్టి, లోపలి షూలు తీసి పక్కన పెడితే గానీ బండి అంగుళం కదల్లేదు.

ఇంజన్ పని మాత్రం ఆయన చాలా నెమ్మదిగా చేశారు. అలాంటి దాన్ని ఎవరైనా కొత్త బ్యాటరీ పెట్టి తాళం తిప్పేస్తారు, అక్కడే పిస్టన్ రింగులు విరుగుతాయి అన్నారు. ప్లగ్గులు ఊడదీసి, డీజిలూ ఇంజన్ ఆయిలూ కలిపి నాలుగు సిలిండర్లలోనూ తలా ఒక గుక్కెడు పోసి వెళ్లిపోయారు. మర్నాడు కూడా అంతే. ఐదో రోజు ఫోర్త్ గేర్‌లో వేసి ఇద్దరం బండిని ముందుకీ వెనక్కీ ఊపితే, ఫ్యాను బెత్తెడు తిరిగింది. ఆ బెత్తెడుకే నాన్న వసారాలో కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

తర్వాతవి చిల్లర పనులు, కానీ రోజులు తినేవి అవే. కార్బురేటర్ జెట్లు, అంటే పెట్రోలు వచ్చే సన్నటి రంధ్రాలు, పాత పెట్రోలు జిగురుతో పూడిపోయాయి. వాటిని గుండుసూదితో పొడవబోతే మేస్త్రి గారు నా చెయ్యి పట్టుకున్నారు. ఇనుము తగిలితే రంధ్రం పెద్దదవుతుందట, రాగి తీగ పెట్టి నోటితో ఊదాలి. రబ్బరు పైపులన్నీ మార్చేశాం. ఇప్పటి పెట్రోల్లో ఇరవై శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది, పాత రబ్బరు దానికి తట్టుకోదు. స్పేర్లు ముంబై నుంచి రావాలి. అక్కడ నలుపూ పసుపూ ఫియట్ టాక్సీలు తిరిగినన్నాళ్లూ ఏ సామానుకీ లోటు లేదట. వాటిలో చివరిది 2003 అక్టోబరు 29న రిజిస్టర్ అయింది. ఇరవై ఏళ్ల గడువు తీరాక, 2023 అక్టోబరు 30 నుంచి ఒక్కటీ లేదు. "టాక్సీలు పోయాయి, మన కిట్లు కూడా తీరిగ్గా వస్తున్నాయి" అంటారు ఆయన.

ఇక ఈరోజు. ట్యాంకు ఇంకా కడగలేదు కాబట్టి వాటర్ బాటిల్లో లీటరు పెట్రోలు పోసి, బానెట్‌కి వేలాడగట్టి, పైపు కార్బురేటర్‌కి తగిలించాం. అచ్చం సెలైన్ ఎక్కిస్తున్నట్టే ఉంది. మేస్త్రి గారు ప్లగ్గులకి నిప్పురవ్వ అందించే పాయింట్లు గరుకు కాగితంతో రుద్ది, గేజ్ పెట్టి గ్యాప్ చూశారు. ఆయన టీ తాగే లోపు ప్లగ్ వైర్లు నేను తగిలించాను. తాళం తిప్పగానే ఫట్‌మని ఒక పేలుడు. జామచెట్టు మీద కాకులన్నీ లేచిపోయాయి. నేను 1, 2, 3, 4 అని వరసగా తగిలించాను. ఫియట్ సిలిండర్లు పేలేది 1, 3, 4, 2 వరసలో. ఇంజనీరింగ్ చదివినవాణ్ణి, ఈ సంగతి మా అబ్బాయికి తెలియకపోతే బాగుండు.

వైర్లు సరిచేశాక కూడా స్టార్ట్ కాలేదు. తిరుగుతోంది గానీ అందుకోవడం లేదు. నాన్న వసారాలోంచి "చోక్ మొత్తం లాగు! ఎక్సలేటర్ బాగా తొక్కు!" అని కేకలు. తొక్కాను. పెట్రోలు ఎక్కువైపోయి ప్లగ్గులు తడిశాయి. విప్పి, తుడిచి, మళ్లీ పెట్టాం. "నేనైతే ఒక్క తిప్పుకి స్టార్ట్ చేసేవాణ్ణి" అన్నారు నాన్న.

అప్పుడు వంటింట్లోంచి అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "మీరెప్పుడు స్టార్ట్ చేశారండీ? తోసింది మీరు, స్టార్ట్ చేసింది నేను."

నిజమే. ఎలా మరిచిపోయానో! చలికాలం పొద్దున్నే ఆ బండి తాళానికి లొంగేది కాదు. నాన్నా, పాలబ్బాయీ, నేనూ వెనక నుంచి తోసేవాళ్లం, స్టీరింగ్ ముందు అమ్మ. సెకండ్ గేర్‌లో పెట్టి క్లచ్ తొక్కి ఉంచి, వీధి మలుపు దగ్గర వదిలేది. బండి అందుకోగానే దిగిపోయి ఇంట్లోకి వెళ్లేది, నాన్న ఎక్కి ఆఫీసుకి వెళ్లేవారు. పాతికేళ్లు అలాగే జరిగింది. అమ్మకి కారు నడపడం రాదు. స్టార్ట్ చేయడం మాత్రమే వచ్చు.

"లే" అంది. లేచాను. చోక్ సగమే లాగింది. ఎక్సలేటర్ రెండుసార్లు తొక్కి కాలు తీసేసింది. తాళం తిప్పింది. ఒకసారి దగ్గి ఊరుకుంది. రెండోసారి అందుకుంది. వెనకనుంచి నల్లటి పొగ, ఆ పొగతోపాటు ఏదో గూడు ముక్క కూడా వచ్చింది. ఆ గరగర చప్పుడు వినగానే నాన్న "టాపెట్లు సెట్ చెయ్యాలి" అన్నారు. అంతకు మించి ఏమీ అనలేదు, కానీ కుర్చీ జరుపుకుని ఇటు తిరిగి కూర్చున్నారు.

ఇక్కడిదాకా బాగానే ఉంది. అమ్మ కాలికీ చేతికీ పాత అలవాటు పోలేదు. ఇంజన్ అందుకోగానే క్లచ్ తొక్కి సెకండ్ గేర్ వేసి, మెల్లగా వదిలింది. బండి షెడ్డులోంచి పెళ్లికూతురులా బయటికి కదిలింది. అమ్మ బ్రేక్ తొక్కింది. బ్రేకులు ఎక్కడివి? షూలన్నీ అరుగు మీద ఆరుతున్నాయి. హ్యాండ్ బ్రేకు కూడా పనిచేయదు. మేస్త్రి గారు "అమ్మా!" అని అరిచారు, నేను బానెట్ పట్టుకుని వెనక్కి తోస్తున్నాను, ఎదురుగా తులసికోట. అమ్మ ఒక్క మాట మాట్లాడకుండా తాళం తీసేసింది. గేర్‌లోనే ఉంది కాబట్టి ఇంజనే పట్టి ఆపింది. కోటకి జానెడు దూరం.

నేను పరుగెత్తి చేతికి దొరికింది తెచ్చి చక్రం కింద పెట్టాను. అమ్మ దిగి, చీర సర్దుకుని, "పొయ్యి మీద పప్పు ఉంది" అని లోపలికి వెళ్లిపోయింది. మేస్త్రి గారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "బ్రేకులు ముందు చేయాల్సింది. నాదే తప్పు" అన్నారు.

వీల్ సిలిండర్ కిట్లు బుధవారం వస్తాయని కొరియర్ మెసేజ్. ఆర్‌సీ గడువు ఎప్పుడో తీరింది కాబట్టి ఫిట్‌నెస్‌కి తిరగాలి, ఇన్సూరెన్స్ కట్టాలి. ఆ సంగతి తర్వాత.

ఇది రాస్తుండగా వంటింట్లోంచి అమ్మ గొంతు. "ఒరేయ్, చక్రం కింద పెట్టింది నా సన్నికల్లు పొత్రం. పొద్దున్నే పచ్చడి నూరాలి, తెచ్చిపెట్టి పడుకో."

టార్చి ఎక్కడుందో. దానికి బదులు పెట్టడానికి ఒక ఇటుక కూడా వెతకాలి.