నాలుగు అంతస్తులు ఎక్కితే వాచ్ మూడే అంటోంది

రోజూ నాలుగు అంతస్తులు మెట్లెక్కుతాను. లిఫ్ట్ ఉన్నా సరే, అది నాకు నేను పెట్టుకున్న నియమం. పైకి చేరి ఆయాసపడుతూ స్మార్ట్‌వాచ్‌లో ఎక్కిన అంతస్తుల లెక్క చూసుకుంటే మూడు అని ఉంటుంది. ఒకరోజు కాదు రెండ్రోజులు కాదు, నెలంతా ఇదే తంతు. సెన్సర్ పాడైందేమో అనుకున్నాను, రీసెట్ చేశాను, పట్టీ బిగించాను, వాచ్ మార్చేద్దామా అని కూడా అనిపించింది. చివరికి ఒళ్ళు మండి టేపు పట్టుకుని మెట్లు కొలిచాను. మెట్టు ఎత్తు 15 సెంటీమీటర్లు, అంతస్తుకి 18 మెట్లు. అంటే అంతస్తు 2.7 మీటర్లు, నాలుగూ కలిపి 10.8.

వాచ్ లెక్కలో అంతస్తంటే బిల్డింగ్ కట్టినవాళ్ళ అంతస్తు కాదు. ఆపిల్ అయినా ఫిట్‌బిట్ అయినా గార్మిన్ అయినా సుమారు 3 మీటర్లు, అంటే 10 అడుగులు పైకి వెళ్తేనే ఒకటి వేసుకుంటాయి. 10.8లో మూడేసి మీటర్ల చొప్పున మూడు పోగా మిగిలిన 1.8 మీటర్లు గంగలో కలిసినట్టే. అనవసరంగా తిట్టానే అనిపించింది పాపం.

అసలు దానికి మెట్లు కనపడవు. లోపల చిన్న బారోమీటర్ ఉంటుంది, అది గాలి పీడనం చూస్తుంది, పైకి వెళ్ళేకొద్దీ పీడనం తగ్గుతుంది కాబట్టి ఎంత తగ్గిందో చూసి ఎంత ఎక్కామో లెక్కేస్తుంది. సముద్రమట్టం దగ్గర గాలి పీడనం లక్ష పాస్కల్స్ పైచిలుకు, మీటరు ఎక్కితే తగ్గేది 12 పాస్కల్స్. అంతస్తుకి 36. లక్షలో 36 తేడా పట్టుకోవడం మాటలా! 1648లో ఫ్రాన్స్‌లో శాస్త్రవేత్త పాస్కల్ గారి బావ పెరియే పాదరసం గొట్టం మోసుకుంటూ పుయ్ ద దోమ్ అనే కొండెక్కి, పైన పాదరసం మట్టం తగ్గిందని చూపించాడు. అదే పనిని ఇప్పుడు మణికట్టు మీద చిన్న చిప్పు చేసేస్తోంది.

గొడవేంటంటే పీడనం మనం ఎక్కితేనే మారదు. వర్షం పట్టే ముందు మారుతుంది, గాలికి తలుపు ధడాల్న పడితే మారుతుంది. అందుకని వాచ్ బారోమీటర్ని ఒక్కదాన్నే నమ్మదు, కదలికల్ని పసిగట్టే యాక్సిలరోమీటర్ నుంచి అడుగులు కూడా పడుతున్నాయా అని చూసుకుంటుంది. పీడనం తగ్గుతూ అడుగులు పడకపోతే లిఫ్ట్ అనుకుని వదిలేస్తుంది. నేను ఊరుకోకుండా ఒకసారి ఖాళీ లిఫ్ట్‌లో నిలబడిన చోటే కవాతు చేస్తూ పైకి వెళ్ళాను, రెండు అంతస్తులు వేసేసింది! సిగ్గేసింది గానీ తెలుసుకోవాలిగా.

దీనికి రెండో వైపు ఇంకా అన్యాయం. రెండు చేతుల్లో బరువైన సంచులతో ఎక్కానంటే చేతులు ఊగవు, అడుగులు సరిగా అందవు, నిజంగా కష్టపడిన రోజే అంతస్తులు తగ్గుతాయి. రెయిలింగ్ పట్టుకుని నెమ్మదిగా ఎక్కే పెద్దవాళ్ళకీ ఇదే చిక్కు. జిమ్‌లో మెట్ల మెషిన్ మీద అరగంట చెమటలు కక్కినా బారోమీటర్‌కి మాత్రం మీరు ఉన్నచోటే ఉన్నారు, వచ్చేది సున్నా. ఏటవాలు రోడ్డు మీద నడిస్తే మాత్రం ఒక్క మెట్టూ ఎక్కకుండానే అంతస్తులు వచ్చి పడతాయి.

ఇక కేలరీలు. 60 కిలోల మనిషి 3 మీటర్లు ఎక్కితే గురుత్వాకర్షణకి ఎదురుగా చేసిన పని దాదాపు 1,760 జూల్స్, అంటే అర కిలోకేలరీ కూడా లేదు. మన కండరాలు ఖర్చుపెట్టే శక్తిలో నాలుగో వంతో ఐదో వంతో మాత్రమే పనిగా మారుతుంది, మిగతాది వేడిగా పోతుంది కాబట్టి అసలు ఖర్చు రెండు కిలోకేలరీల దాకా వేసుకోవచ్చు. అంతే! పది అంతస్తులు ఎక్కానని కడుపునిండా తినేసే ముందు ఇది గుర్తుంచుకోవాలి (నాకే చెప్పుకుంటున్నాను). గుండె వేగం చూసి వాచ్ వేసే లెక్క కూడా ఇంత చిన్న పనికి అంతగా కుదరదు, ఎందుకంటే మెట్లు ఒకటిన్నర నిమిషంలో అయిపోతాయి, గుండె అందుకోవడానికే కాస్త టైమ్ పడుతుంది, నేను తలుపు దగ్గర తాళంచెవి వెతుక్కుంటున్నప్పుడు కూడా ఇంకా దడదడలాడుతూనే ఉంటుంది. మెట్ల వల్ల లాభం కేలరీల్లో కాదు, ఆ దడలోనే ఉందని నా అభిప్రాయం.

దిగడం సంగతి చెప్పనేలేదు. ఎక్కిన అంతస్తుల లెక్కలో దిగినవి కలపరు. ఎక్కినదానికంటే ఖర్చు తక్కువే, నిజమే, కానీ దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే మన బరువుని ఆపాలి, అలవాటు లేనివాళ్ళు ఎక్కువ మెట్లు దిగితే మర్నాడు కూర్చుని లేవాలంటే అమ్మా అనాల్సిందే. ఆ నొప్పికి వాచ్‌లో గడే లేదు.

టేపు పెట్టి కొలిచిన దగ్గర్నుంచీ ఒక దొంగ అలవాటు చేసుకున్నాను. మా గుమ్మం దాటి డాబా వైపు ఇంకో తొమ్మిది మెట్లు ఎక్కి మలుపు దగ్గర ఆగుతాను. 12.15 మీటర్లు. కాసేపటికి నాలుగు అని వస్తుంది. తర్వాత ఆ తొమ్మిదీ దిగి ఇంట్లోకి వెళ్తాను.