ఒక క్షణం మాత్రమే బతికే మెదడు

ఈరోజు సెలవు. చేయవలసిన పనంటూ ఏదీ లేకపోవడంతో, చాలాకాలంగా మనసులో మెదులుతున్న 'బోల్ట్‌జ్‌మన్ మెదడు' అనే ఊహాప్రయోగాన్ని తీరికగా తిరగేసుకుంటూ మధ్యాహ్నమంతా గడిపాను.

విశ్వమంతా మార్పులేని సమతాస్థితిలో ఉన్నా, లెక్కకందని కాలంలో ఎక్కడో ఒకచోట అణువులు యాదృచ్ఛికంగా ఒక క్రమంలోకి వచ్చి మనం చూస్తున్న ప్రపంచం ఏర్పడి ఉండవచ్చని భౌతికశాస్త్రవేత్త లుడ్విగ్ బోల్ట్‌జ్‌మన్ 1895లో రాశాడు. ఆ ఆలోచన తన పాత సహాయకుడు ష్యూట్జ్‌దని కూడా చెప్పాడు. చిక్కల్లా సంభావ్యతతోనే వచ్చింది. 1380 కోట్ల ఏళ్ల చరిత్రతో ఇన్ని గెలాక్సీలు అలా కూడడం కన్నా, ఆ చరిత్రనంతా చూసినట్టు భ్రమపడే ఒక్క మెదడు శూన్యంలో క్షణకాలం ఏర్పడి చెదిరిపోవడమే ఎన్నో రెట్లు సులభం. అలాంటి మెదడుకు బోల్ట్‌జ్‌మన్ పేరు 2004లో గానీ రాలేదు, పాపం ఆయన 1906లోనే పోయాడు.

ఇది ఉత్త కాలక్షేపం కాదు. విశ్వవ్యాకోచం వేగం పుంజుకుంటోందని 1998లో తేలింది. దానికి కారణమైన కృష్ణశక్తి (డార్క్ ఎనర్జీ) ఎప్పటికీ మారకపోతే, విశ్వం అలా వ్యాకోచిస్తూనే పోయి దాదాపు ఖాళీ అయిపోతుంది, అంతులేని ఆ ఖాళీలో ఇటువంటి మెదళ్లు ఎన్నైనా పుట్టవచ్చు.

అయితే నేను అలాంటి మెదడునేనా? కళ్లు మూసుకుని పదిహేడును ఇరవైమూడుతో గుణించాను. ముందు 340 వచ్చింది, దాన్ని మనసులో పట్టి ఉంచి 51 కలిపితే 391. నేను క్షణం క్రితమే పుట్టిన మెదడునైతే, ఆ 340ని నిజంగా లెక్కగట్టలేదు, లెక్కగట్టిన జ్ఞాపకం మాత్రమే ఉంది. అంతేకాదు, 381 అనే తప్పు జవాబును కూడా ఇంతే ధీమాగా నమ్మే మెదడు ఏర్పడడానికి అడ్డేమీ లేదు. గుణకారానికే దిక్కులేనప్పుడు, ఈ మెదళ్ల సంభావ్యతను చెప్పిన భౌతికశాస్త్రాన్ని నేను నేర్చుకున్నానని ఎలా నమ్మను? వాదన తాను కూర్చున్న కొమ్మనే నరుక్కుంటోంది. షాన్ కారల్ అనే భౌతికశాస్త్రవేత్త దీన్నే 'జ్ఞానపరమైన అస్థిరత' అంటాడు.

ఆయన మాట నాకు నచ్చింది గానీ పూర్తిగా తృప్తినివ్వలేదు. నేను అటువంటి మెదడును కానని అది నిరూపించదు. అవునని సహేతుకంగా నమ్మడం కుదరదని మాత్రమే చెబుతుంది. కాబట్టి ఈ ప్రయోగాన్ని నా ఉనికి మీద సందేహంగా కాక, విశ్వసిద్ధాంతాలకు పెట్టే పరీక్షగా చూడడమే సబబనిపిస్తోంది: పరిశీలకుల్లో అత్యధికులు ఇలాంటి మెదళ్లేనని ఏ సిద్ధాంతం తేల్చినా, సరిదిద్దవలసింది ఆ సిద్ధాంతాన్నే.