రోమ్‌లో ఆఖరి రోజు

ఈరోజుతో మా గ్రూప్ టూర్ అయిపోయింది. రాత్రికి ఫ్లైట్, అందుకే పొద్దున్నే సూట్‌కేసులన్నీ బస్సులో పడేసి బయల్దేరాం, గైడ్ గారు యథాప్రకారం ఆ పసుపు జెండా పైకెత్తి ముందు, మేమంతా వెనకాల. ట్రెవీ ఫౌంటెన్ దగ్గర ఇసకేస్తే రాలనంత జనం. వెనక్కి తిరిగి భుజం మీదుగా నాణెం వేస్తే మళ్ళీ రోమ్‌కి వస్తారంట, మావాళ్ళు ఒక్కరూ వదల్లేదు.

నాకు మాత్రం పాంథియన్ చూశాక ఇంకేదీ ఆనలేదు. దాదాపు 1900 ఏళ్ళ కిందటి రోమన్ల గుడి, 43 మీటర్ల వెడల్పు గోపురం, లోపల ఇనప కడ్డీ ఒక్కటి లేకుండా మొత్తం కాంక్రీటే! పైకి పోయేకొద్దీ తేలిక రాళ్ళు కలుపుతూ మందం తగ్గించుకుంటూ పోయారంట, అందుకే నిలబడింది. నడినెత్తిన పెద్ద గుండ్రటి కన్నం, అద్దం గిద్దం ఏం లేదు, మేం ఉండగానే చినుకులు మొదలై నేరుగా లోపలికే పడ్డాయి. అందరూ పైకి చూస్తుంటే నేను కిందకి చూశా, పాలరాతి నేలలో చిన్న చిన్న బెజ్జాలు, నీళ్ళు వాటిల్లోంచే పోతున్నాయి. ఆ పాతకాలపు పెద్ద చిత్రకారుడు రఫేల్ సమాధి కూడా అక్కడే ఉంది, సరిగ్గా చూసేలోపే జెండా లేచింది.

గ్రూప్ టూర్లలో ఇదే చిరాకు అబ్బా, నచ్చినచోట నిలబడనివ్వరు. కానీ మొదట్లో పలకరించుకోడానికే మొహమాటపడ్డ వాళ్ళం ఇప్పుడు ఒకరి బ్యాగులు ఒకరం మోస్తున్నాం. వెనక సీటు ఆంటీ ఎయిర్‌పోర్ట్ దారిలోనే వాట్సాప్ గ్రూప్ పెట్టేశారు, ఇంకా చెకిన్ కూడా అవ్వలేదు, ఫోటోలు కుప్పలు తెప్పలు, అందులో సగం నేను కళ్ళు మూసుకున్నవే 😂